అరవై రెండు రూపాయల ఎనిమిది అణాలు: మిర్జా గాలిబ్ జమాఖర్చులు

మిర్జా గాలిబ్ పేరెత్తితే మన ఇళ్లల్లో ఎవరో ఒకరు షేర్ అందుకుంటారు. తెలుగు మీడియంలో చదివి ఉర్దూ లిపి సరిగా రానివాళ్లకి కూడా రెండు మూడు షేర్లు కంఠతా వచ్చి ఉంటాయి. ఇవాళ మాత్రం నేను ఒక్క షేర్ కూడా చెప్పను. గాలిబ్ సాహెబ్ హిసాబ్ చెప్తాను. ఆయనకి ఎంత వచ్చేది, ఎంత పోయేది, ఎవరికి ఎంత కర్జా ఉండేది, యాభై దాటాక ఆ కర్జా నుంచి బయటపడటానికి ఏం చేశాడు, అది ఎంతవరకు కుదిరింది. ఇదంతా ఆయన ఖతూత్‌లోనే ఉంది. దోస్తులకీ షాగిర్దులకీ రాసిన ఉత్తరాల్లో ఆయన తన జేబు తిరగేసి చూపించాడు. ఆ ఉత్తరాల మజ్మువా ‘ఊద్-ఎ-హిందీ’ 1868లో, ‘ఉర్దూ-ఎ-ముఅల్లా’ 1869లో వచ్చాయి.

ఈ హిసాబ్ ఇప్పుడెందుకు? ఇషా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ మా ఈడువాళ్లు మాట్లాడుకునే మాటలు ఒకటే. నలభై ఐదు నుంచి యాభై ఐదు మధ్య వయసు. ఒకరు ఇరవై ఏళ్లు సౌదీలో చేసి వచ్చేశారు, ఇక్కడ పెన్షన్ లేదు. ఒకరికి పెద్దమ్మాయి నికా కర్జా తీరకముందే చిన్నమ్మాయి నికా ఖాయమైంది. ఒకరి బీవీ నగలు గోల్డ్ లోన్‌లో ఉన్నాయి. అందరి సవాల్ ఒకటే: ఇంత ఆలస్యం అయ్యాక ఇంకేం దాచగలం? గాలిబ్ ముందు కూడా ఇదే సవాల్ ఉండేది. ఆయన తారీఖ్ చదివితే మనకి తస్లీమ్ మాత్రమే కాదు, కొంచెం తాలీమ్ కూడా దొరుకుతుందని నా నమ్మకం.

ఇంకో మాట. జమ, ఖర్చు, బకాయి, వసూలు, కిస్తు, జామీను, జప్తు, రసీదు... తెలుగువాళ్లందరూ రోజూ వాడే ఈ మాటలు ఫార్సీ కచేరీల నుంచి మన పల్లెలదాకా నడిచొచ్చినవే. అప్పు మాత్రం అచ్చ తెలుగు. అంటే కర్జా మనదే, కాగితం మాత్రం దర్బారుది అన్నమాట!

పెన్షన్ ఎలా పుట్టింది

గాలిబ్ 1797 డిసెంబర్ 27న ఆగ్రాలో పుట్టాడు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ సిపాయి. నౌకరీ కోసం దర్బార్లు తిరుగుతూ కొన్నాళ్లు మన హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ కొలువులో కూడా ఉన్నాడు. ఆ తర్వాత అల్వర్ రాజా దగ్గర పనిచేస్తూ లడాయిలో పోయాడు. గాలిబ్‌కి అప్పుడు ఐదేళ్లు కూడా నిండలేదు. పెంచిన చచా నస్రుల్లా బేగ్ ఖాన్ ఈస్ట్ ఇండియా కంపెనీ సేనాని లార్డ్ లేక్ కింద నాలుగు వందల మంది సవారులకి సర్దార్. ఆయన 1806లో ఏనుగు మీంచి పడి మరణించాడు. తొమ్మిదేళ్లు నిండకుండానే గాలిబ్ రెండోసారి యతీమ్ అయ్యాడు.

చచా జాగీర్ కంపెనీకి పోయింది. బదులుగా కుటుంబానికి పెన్షన్ ఇవ్వాలని ఏర్పాటు. ఫిరోజ్‌పూర్ ఝిర్కా, లోహారూల నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ కంపెనీకి కట్టాల్సిన దాంట్లోంచి ఏడాదికి 10,000 రూపాయలు ఈ కుటుంబానికి ఇవ్వాలన్నది 1806 మే నెల నాటి హుకుం. నెల తిరిగేసరికి, జూన్‌లో, ఇంకో కాగితం పుట్టింది. అందులో 10,000 కాస్తా 5,000 అయింది. ఆ ఐదు వేలలో ఖ్వాజా హాజీ అనే ఆయనకి 2,000, గాలిబ్ నానమ్మకీ మేనత్తలకీ కలిపి 1,500, గాలిబ్‌కీ తమ్ముడు మిర్జా యూసుఫ్‌కీ కలిపి 1,500. ఇద్దరన్నదమ్ములు పంచుకుంటే గాలిబ్ వాటా ఏడాదికి 750. నెలకి అరవై రెండు రూపాయల ఎనిమిది అణాలు.

ఈ అంకె గుర్తుపెట్టుకోండి. పసితనంలో రాసిచ్చిన ఈ మొత్తం ఆయన చనిపోయేదాకా ఒక్క అణా పెరగలేదు. అరవై ఏళ్ల పైన ధరలు మారాయి, దొరలు మారారు, బాద్‌షాహత్ పోయింది. ఈ అంకె మాత్రం మారలేదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే డీఏ లేని పెన్షన్. ఈపీఎస్ కింద కనీస పెన్షన్ నెలకి 1,000 అని 2014లో పెట్టారు. దాని మీద బతికే పెద్దలున్న ఇళ్లవాళ్లకి ఈ దర్ద్ వేరే చెప్పక్కర్లేదు.

ఉమ్మీద్ మీద తీసుకున్న కర్జా

పదమూడేళ్లకే ఉమ్రావ్ బేగంతో నికా అయింది. ఆమె అహ్మద్ బఖ్ష్ ఖాన్ తమ్ముడి కూతురు. కొన్నాళ్లకి గాలిబ్ ఢిల్లీ చేరాడు. రయీసుల ఇంటి రిష్తా, రయీసుల మధ్య జీవితం, చేతిలో అరవై రెండున్నర. పెద్దయ్యాక ఆయనకి 1806 నాటి రెండు కాగితాల కథ అర్థమైంది. అసలు హక్కు పదివేలు, రెండో కాగితం చెల్లదు, ఖ్వాజా హాజీ మా ఖాందాన్ వారసుడే కాదు అన్నది ఆయన దావా. కలకత్తా వెళ్లి గవర్నర్ జనరల్ కౌన్సిల్ ముందు పెట్టుకుందామని బయల్దేరాడు.

లక్నో, బాందా, అలహాబాద్, బనారస్ మీదుగా ఆగుతూ, జబ్బుపడుతూ, బాందాలో కర్జా తీసుకుని 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరాడు. ఢిల్లీకి తిరిగొచ్చింది 1829 నవంబరులో. మూడేళ్లకి దగ్గరగా సాగిన ఆ సఫర్ అంతా కర్జా మీదే. ఇప్పుడు ఆయన లెక్క వేసి ఉండే తీరులో మనమూ లెక్క వేద్దాం. ఏడాదికి 5,000 తక్కువ ఇచ్చారు, 22 ఏళ్లు గడిచాయి. ఖాందాన్ మొత్తానికి బకాయి 1,10,000. అంత పెద్ద బకాయి కళ్లముందు ఉన్నవాడికి వెయ్యీ రెండువేల కర్జా పెద్దదిగా కనిపించదు. ఇచ్చే సాహుకారుకీ కనిపించదు.

కంపెనీవాళ్లు జూన్ కాగితం గురించి బొంబాయి గవర్నర్ సర్ జాన్ మాల్కంని అడిగారు. ఆయన ఒకప్పుడు లార్డ్ లేక్‌తో పనిచేసినవాడు. కాగితం అసలుదేనని ఆయన చెప్పాడు. 1831 జనవరిలో దావా కొట్టేశారు. అప్పటికి గాలిబ్‌కి 33 ఏళ్లు. అపీలు లండన్ దాకా వెళ్లింది, సాయం మాత్రం రాలేదు. ఆ అపీళ్ల ఆశతోనే మరో పదేళ్లకి పైగా గడిచిపోయాయి.

గాలిబ్ వాదన తప్పని నేననను. ఆయనకి జుల్మ్ జరిగిందనే నాకూ అనిపిస్తుంది. కానీ హక్కు ఉండటం వేరు, అది చేతికి రావటం వేరు. రాని సొమ్మును ముందే ఖర్చు పెట్టుకోవటం ఇప్పటికీ మనలో ఉంది. “ఊళ్లో జమీన్ కేసు తేలితే తీర్చేస్తా”, “బాబుకి కువైట్ వీసా వస్తే తీర్చేస్తా” అని కర్జా తీసుకోవటం గాలిబ్ కలకత్తా సఫర్ లాంటిదే. కేసు తేలేదాకా వడ్డీ ఆగదు.

1830ల మధ్యలో సాహుకార్లు ఆయన మీద డిక్రీ తెచ్చుకున్నారు. ఇజ్జత్‌దార్ ఆద్మీని ఇంట్లోకొచ్చి పట్టుకోకూడదన్నది అప్పటి ఢిల్లీ కాయిదా. బయటకొస్తేనే పట్టుకోవాలి. కాబట్టి గాలిబ్ పగలంతా ఇంట్లోనే ఉండి చీకటి పడ్డాకే గడప దాటేవాడు. 1847లో, తన యాభయ్యో ఏట, జూదం కేసులో ఆరు నెలల సజా పడింది. మూడు నెలలకి వదిలేశారు. అంతకాలం దగ్గరి రిష్తేదార్లు ముఖం చాటేస్తే నవాబ్ ముస్తఫా ఖాన్ షేఫ్తా తోడు నిలిచాడు. ఆపద వేళ మనిషికి నిజమైన పూంజీ ఎవరో తెలుస్తుందంటారే, అది ఇదే.

యాభై రెండేళ్లకి మొదటి తన్ఖా

1850 జూలైలో బహదూర్ షా జఫర్ గాలిబ్‌కి ఖితాబులిచ్చి తైమూర్ ఖాందాన్ తారీఖ్ రాసే పని అప్పగించాడు. ఏడాదికి 600, అంటే నెలకి యాభై. యాభై రెండేళ్ల వయసులో ఆయన చేతికొచ్చిన మొదటి పక్కా తన్ఖా అది. కాకపోతే ఖిలా కాయిదా ప్రకారం ఆరు నెలలకోసారి ఇచ్చేవారు. ఆరు నెలలు ఎవరాగుతారు? కర్జా తెచ్చుకోవాలి, వడ్డీ కట్టాలి. తన తన్ఖాలో మూడోవంతుకి సాహుకారు షరీక్ అయిపోయాడు, దయచేసి నెలనెలా ఇప్పించండని గాలిబ్ బాద్‌షాకి నజ్మ్ రూపంలో దరఖాస్తు పెట్టుకున్నాడు. కవిత్వాన్ని ఇంత పనికొచ్చే పనికి వాడినవాళ్లు తక్కువ. మనకి ఇందులో మతలబు స్పష్టం. వచ్చే సొమ్ము ఎంతన్నదే కాదు, ఎప్పుడు చేతికందుతుందన్నది కూడా కర్జాని పెంచుతుంది.

ఆ వయసులోనే ఇంట్లో జిమ్మేదారీ పెరిగింది. గాలిబ్, ఉమ్రావ్ బేగంలకి ఏడుగురు పిల్లలు పుట్టి ఒక్కరూ దక్కలేదు. సొంత కొడుకులా చూసుకున్న ఆరిఫ్ 1852లో చనిపోయాడు. ఆయన చిన్న పిల్లలు బాకిర్ అలీ, హుసేన్ అలీ ఈ ఇంటికే చేరారు. యాభై ఐదేళ్లకి మళ్లీ పసిపిల్లల ఖర్చు.

అదృష్టం ఆ రెండు మూడేళ్లలోనే కలిసొచ్చింది. 1854లో జౌక్ మరణించాక గాలిబ్ బాద్‌షాకి ఉస్తాద్ అయ్యాడు. వలీఅహ్ద్ మిర్జా ఫఖ్రూ ఏడాదికి 400 ఇవ్వసాగాడు. అవధ్ నవాబు వాజిద్ అలీ షా నుంచి ఏడాదికి 500. కలిపి చూడండి: పెన్షన్ 750, ఖిలా 600, అవధ్ 500, వలీఅహ్ద్ 400. మొత్తం 2,250. నెలకి నూట ఎనభై ఏడున్నర. పాత రాబడికి మూడు రెట్లు. నాలుగు వైపుల నుంచి ఆమ్దనీ.

ఆ నాలుగూ ఎలా పోయాయో చూడండి. 1856 ఫిబ్రవరిలో కంపెనీ అవధ్‌ని కలిపేసుకుంది, 500 పోయింది. అదే ఏడాది జూలైలో మిర్జా ఫఖ్రూ చనిపోయాడు, 400 పోయింది. 1857 మేలో గదర్ మొదలైంది. ఖిలా కొలువు ముగిసింది, పెన్షన్ ఆగింది. పదిహేను నెలల్లో 2,250 సున్నా అయింది.

నాలుగు రాబడులున్నాయి కాబట్టి భరోసా ఉందని ఎవరైనా అనుకుంటారు. కానీ నాలుగింటి వేర్లూ ఒకే నేలలో ఉన్నాయి. అంతా దర్బార్ల దయ. కంపెనీ చేతిలో కాలం మారితే నాలుగూ కదలాలి. మన ఇళ్లల్లో అన్నదమ్ములు ముగ్గురూ ఒకే దేశంలో నౌకరీ చేస్తుంటే కూడా ఇదే పరిస్థితి. పైకి మూడు తన్ఖాలు, లోపల ఒకటే ఉమ్మీద్.

ఇక్కడ నాదొక లెక్క. ఆ మంచి రెండేళ్లలో ఐదోవంతు పక్కన పెట్టగలిగి ఉంటే ఏడాదికి 450, రెండేళ్లకి 900. పెన్షన్ ఆగిపోయిన మూడేళ్లలో అది పద్నాలుగు నెలల పెన్షన్‌కి సమానం. బట్టలు అమ్ముకునే రోజులు కొన్నైనా తప్పేవి. అవును, బట్టలు అమ్మారు. లోకమంతా రొట్టె తింటుంటే తాను బట్టలు తింటున్నానన్న అర్థంలో గాలిబ్ ‘దస్తంబు’లో రాసుకున్నాడు. అయితే మూడోవంతు సాహుకారుకే పోతున్నవాడికి ఐదోవంతు ఎక్కణ్ణించి మిగులుతుంది? అందుకే నా ఉద్దేశం, ఈ వయసులో వడ్డీ కర్జా తీర్చటమే మొదటి బచత్. దాచటం దాని తర్వాతే.

నూట అరవై రెండు రూపాయల బడ్జెట్

1859 జూలై నుంచి రాంపూర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకి 100 రూపాయలు పంపటం మొదలుపెట్టాడు. 1860 మేలో పెన్షన్ మళ్లీ వచ్చింది, మూడేళ్ల బకాయితో సహా. 750 చొప్పున మూడేళ్లకి 2,250. ఖుషీ ఎంతసేపు? పాత సహాయం కింద ఇచ్చింది కొంత పట్టుకున్నారు, కచేరీ అమలా కొంత తిన్నారు. చేతికి రెండు వేలు మిగిలింది. పాత సాహుకారు తన ఖాతా తెరిచి అసలూ వడ్డీ కలిపి సుమారు పదిహేను వందలన్నాడు. మిగతా చిల్లర కర్జాలన్నీ కలిపితే పదకొండు వందలకి పైన. ఉన్నది రెండు వేలు, ఇవ్వాల్సింది రెండు వేల ఆరు వందలు. మూడేళ్లు ఎదురుచూసిన సొమ్ము ఇంటి గడప దాటి లోపలికే రాలేదు.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల చివరి హిసాబ్ నాకు ఇక్కడ గుర్తొస్తుంది. యూఏఈ కానూన్‌లో మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల వేతనం గ్రాట్యుటీగా రావాలి. ఇరవై ఏళ్ల చెమట ఒకేసారి చేతికొస్తుంది. వచ్చేలోపే దాని మీద నికా, మేడ మీద గది, పాత కర్జాలు కాచుకుని కూర్చుంటాయి.

ఆ తర్వాతి గాలిబ్ నాకు ఎక్కువ ఇష్టం. లోహారూ ఖాందాన్ వాడు, తన షాగిర్ద్ అయిన అలాయీకి రాసిన ఖత్‌లో తన హిసాబ్ విప్పి చెప్పాడు. రాబడి నూట అరవై రెండు రూపాయల ఎనిమిది అణాలు. ఖర్చుల వరసలో కర్జా అసలు వేరు, వడ్డీ వేరు, ఇన్‌కం టాక్స్ వేరు, చౌకీదారు వేరు, బీవీ పిల్లలు వేరు, షాగిర్ద్‌పేషా, అంటే ఇంటి నౌకర్లు, వేరు. హిందుస్తాన్‌లో ఇన్‌కం టాక్స్ మొదలైందే 1860లో. అది మిర్జా ఇంటి బడ్జెట్‌లోకీ వచ్చేసింది!

తర్వాత ఏం చేశాడు? పొద్దున తాగే చల్లని తబ్రీద్ మానేశాడు. మధ్యాహ్నం గోష్త్ సగం చేశాడు. రాత్రి షరాబ్, గులాబ్ ఆపేశాడు. నెలకి ఇరవై, ఇరవై రెండు రూపాయలు మిగిలాయి. రాబడిలో ఎనిమిదో వంతు. అరవై దాటాక, దాంట్లోనూ గాలిబ్ లాంటి షౌకీన్ మనిషి. అంతకుముందు కలకత్తా, లండన్ తిరిగినా రాని ఫలితం తన దస్తర్‌ఖాన్ మీద దొరికింది. చిన్నదే, కానీ ఎవరి హుకుం కోసమూ ఆగాల్సిన పని లేనిది. ఆలస్యమైపోయింది కదా అనుకునేవాళ్లకి నేను చూపించే పేజీ ఇదే.

ఒంటరిగా కాకుండా

గాలిబ్‌కి లేనిది, మనకి కొంత ఉన్నది ఒకటుంది. జమాత్‌గా కర్జా మోసే తరీకా. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో పాఠాలు చెప్పి ప్యారిస్‌లో స్థిరపడ్డ డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, నిజాం కాలపు హైదరాబాదులో నడిచిన వడ్డీ లేని కర్జా సంఘాల గురించి వివరంగా రాశారు. మెంబర్లు నెలనెలా కొంచెం జమ చేయటం, అవసరమున్నవాళ్లు అందులోంచి వడ్డీ లేకుండా తీసుకోవటం, కిస్తుల్లో తిరిగి కట్టటం. ఖైరాత్ కాదు, ఎవరి సొమ్ము వాళ్లదే. పదిమంది కూడితే ఒక మొహల్లాలో ఇవాళ కూడా నడపొచ్చు, ఖాతా పుస్తకం అందరి ముందూ తెరిచి ఉంచితే.

మన ఇళ్లల్లో నాకు మింగుడుపడని సంగతి ఒకటి. బ్యాంకులో వేసుకున్న సొమ్ముకి వచ్చే సూద్ ముట్టుకోం, ఆ ఎహ్తియాత్ మంచిదే. కానీ గోల్డ్ లోన్‌కీ, ఫైనాన్స్‌వాళ్లకీ ఏళ్ల తరబడి సూద్ కడుతూ ఉంటాం. తీసుకోవటం దగ్గర ఉన్న ఖౌఫ్ ఇవ్వటం దగ్గర ఎందుకు పోతుంది? దాచుకోవటం ఆపేసి కట్టటం సాగిస్తే రెండు వైపులా నష్టపోయేది ఇల్లే. ఎందులో దాచాలి, ఎందులో కూడదు అన్నది మీ ఆలిమ్‌ని అడగండి. కానీ అడగటం వాయిదా వేయకండి. అటల్ పెన్షన్ యోజన లాంటివాటిలో చేరటానికి నలభై ఏళ్లే హద్దు. అది మా ఈడువాళ్లకి ఎప్పుడో మూసుకుపోయిన దర్వాజా, మన పిల్లలకి ఇంకా తెరిచే ఉంది. జాయిజ్ అవునా కాదా అన్న జవాబు ఏదైనా, వాళ్లకి వేళ మించకముందే తెలియాలి.

కర్జాని రాసిపెట్టుకోమని చెప్పే ఆయత్ ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్. మనిషి పోయాక కఫన్ దఫన్ ఖర్చు తర్వాత మొదట తీర్చాల్సింది కర్జా, ఆ తర్వాతే వసీయత్, వారసుల వాటాలు. ఇవ్వని మెహర్ కూడా ఆ కర్జాలోకే వస్తుంది. ఈ మాటలు జుమ్మా బయాన్‌లో అందరం విన్నాం. కానీ తన కర్జా ఎంతో బీవీకి తెలిసేలా రాసి ఉంచిన మగవాళ్లు మా మొహల్లాలో ఎంతమంది ఉన్నారో నేను చెప్పలేను.

ఉమ్రావ్ బేగం

గాలిబ్ 1869 ఫిబ్రవరి 15న చనిపోయాడు. జీవితమంతా కిరాయి ఇళ్లలోనే ఉన్నాడు, సొంత ఇల్లు కొనలేదు. చివరి ఏళ్లలో కొత్త రాంపూర్ నవాబు కల్బ్ అలీ ఖాన్‌కి కర్జా తీర్చమని, మనవడు హుసేన్ అలీ షాదీకి సాయం చేయమని మళ్లీ మళ్లీ రాశాడు. కర్జా మిగిలే ఉంది.

ఆ కర్జా గురించి రాంపూర్‌కి తర్వాత రాసుకోవాల్సి వచ్చింది ఉమ్రావ్ బేగం. పదకొండేళ్ల వయసులో ఆ ఇంటికొచ్చింది. ఏడుగురు పిల్లల్ని మట్టిలో పెట్టింది. గదర్ రోజుల్లో ఆమె ఒక పని చేసిందని గాలిబే ‘దస్తంబు’లో రాశాడు. భర్తకి చెప్పకుండా తన నగలన్నీ కాలే సాహెబ్ హవేలీకి పంపించింది. ఆ బుజుర్గ్ ఇంట్లో నేలమాళిగలో భద్రంగా ఉంటాయని. సిపాయిలు ఢిల్లీని దోచినప్పుడు ఆ నేలమాళిగ కూడా తవ్వేశారు. ఆ ఇంట్లో ముసలితనం కోసం ఎవరైనా ఏదైనా దాచారంటే అది ఆమే. అది కూడా పోయింది.

ఆమె భర్త పోయిన ఏడాదికే, 1870లో, తానూ వెళ్లిపోయింది. గాలిబ్ షేర్లు మనకి నోటికొచ్చు, ఆమె పేరు చాలామందికి తెలియదు. ఈ హిసాబ్ ఇంత దూరం చదివిన భాయీలకి నా గుజారిష్ ఒకటే. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తాక ఒక కాగితం మీద నాలుగు వరసలు రాయండి: ఎంత వస్తుంది, ఎవరికి ఎంత ఇవ్వాలి, మనకి ఎవరు ఎంత ఇవ్వాలి, మెహర్ ఎంత బాకీ. రాసి బీరువాలో మీరే దాచుకోకండి, బీవీ చేతికివ్వండి. ఎందుకంటే మన తర్వాత సాహుకారుతో మాట్లాడాల్సింది ఆమె.